మా మమ్మీ తాళానికి నడిచిన గొర్రెలు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఫెలోషిప్ హాల్లో బిర్యానీ ప్లేట్లు అందిస్తున్నాను. ఈ ఏడు కాలేజీలో చేరబోతున్న అమ్మాయి ఒకతి వచ్చి, "ఆంటీ, మీరు డాక్యుమెంటరీలు తీసేవారంట కదా? అందులోకి ఎలా వెళ్ళాలి?" అని అడిగింది.

నాకింకా ముప్పై రెండేళ్ళే. ఆంటీ అనే మాట దగ్గరే ఆగిపోయాను. దాని వెనకాలే "తీసేవారంట" అనే మాట వచ్చి తగిలింది. రెండూ కలిపి చూస్తే నేను రిటైరయ్యానని తేలింది. నిజమే మరి. వాల్టర్ కెమెరా కట్టిపెట్టాడు, కంచరగాడిదల్ని అమ్మేశాడు. నేను కొండలు దిగి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చేశాను. జనం అటకల మీది పాత హోమ్ మూవీలను డిజిటల్‌లోకి మార్చే చిన్న షాపులో పని చేస్తున్నాను. రిటైర్మెంట్‌కి ఇంతకంటే నిర్వచనం ఏం కావాలి?

ఆ అమ్మాయి ప్లేట్లో ఇంకో గరిటె రైతా వేసి పంపేశాను. నాకు జవాబులు ఎప్పుడూ మనుషులు వెళ్ళిపోయాకే వస్తాయి. ఇంటికొచ్చి డైరీలో రాయడం మొదలుపెడితే చాలా పేజీలయ్యాయి. ఇది దాని శుభ్రమైన ప్రతి. ఆ అమ్మాయి తెలుగు చదవలేదు కాబట్టి వాళ్ళమ్మ చదివి వినిపించాలి.

మాట్లాడకపోవడం ఒక అర్హత

కాలేజీలో నేను సినిమా చదువుకున్నాను. "కంప్యూటర్స్‌లోనే ఒక సినిమా కోర్సు ఏమన్నా ఉందేమో చూడమ్మా" అని డాడీ చివరిదాకా ఆశపడ్డారు. చదువైతే అయింది గానీ ఇంటర్వ్యూల్లో నా నోరు పెగిలేది కాదు. మీ గురించి చెప్పండి అని అడిగితే, చెప్పేంత ఏముందా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. ఈలోపు వాళ్ళు థాంక్యూ అనేసేవారు.

వాల్టర్ ఒక్కడు వేరే ప్రశ్న అడిగాడు. వయోమింగ్‌లో ఉంటాడు, అరవై దాటాయి. చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీసి ఎలాగో బతుకుతున్న మనిషి. సినిమా తొలినాళ్ళలో చెక్క కెమెరాలను గాడిదల మీదికెక్కించి కొండల్లోకి వెళ్ళిన వాళ్ళున్నారే, వాళ్ళు తీసినట్టే తను కూడా తీయాలని ఆయన పట్టుదల. మోటారు ఉండదు, బ్యాటరీ ఉండదు, శబ్దం ఉండదు. పిడి పట్టుకుని చేత్తో తిప్పే కెమెరా. అలాంటి పాతది ఒకటి కొని బాగు చేయించాడు. అయితే గుర్రం మీంచి పడి ఆయన కుడి భుజం పాడైంది. ఎటు చూపించాలో చూసుకోగలడు గానీ పిడి తిప్పలేడు. అందుకు ఒక మనిషి కావాలి.

"రోజంతా నోరు మెదపకుండా ఒకే పని చేయగలవా?" అని వీడియో కాల్‌లో అడిగాడు.

నేను తలూపాను.

"నీకంటే ముందు అయిదుగురిని అడిగాను. చేయగలమని చెప్పడానికి ఒక్కొక్కరు పావుగంట మాట్లాడారు. ఎప్పుడొస్తావు?" అన్నాడు.

ఈ రంగంలోకి రావాలంటే నెట్‌వర్కింగ్ చేయాలని మీకు అందరూ చెప్తారు. చేయగలిగితే చేయండి. చేయలేని వాళ్ళకి కూడా ఎక్కడో ఒక వాల్టర్ ఉంటాడు.

అంకుల్

అక్కడ నేను చేసిన మొదటి తప్పు మొదటి రోజే జరిగింది. అరవై దాటినాయన్ని వాల్టర్ అని పేరు పెట్టి పిలవాలట. మా ఇళ్ళలో అంత వయసాయన్ని పేరు పెట్టి పిలిస్తే అన్నం పెట్టరు. పొద్దున్నుంచీ ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడుతూ నెట్టుకొచ్చాను. మధ్యాహ్నానికి ఆయన వెనక్కి వెనక్కి నడుస్తూ సరిగ్గా వాగు అంచుకి వచ్చాడు.

"అంకుల్! నీళ్ళు!" అని అరిచాను.

ఆ కొండల్లో నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. మా గాడిదల మనిషి డెనీస్ జీను మీద వాలిపోయి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. సామానంతా గాడిదల మీద కొండెక్కించడం ఆమె పని. పొడుగ్గా ఉంటుంది. నేను ఎంత తక్కువ మాట్లాడతానో అంత ఎక్కువ మాట్లాడుతుంది. ఆ రోజు నుంచి ఆమె వాల్టర్‌ని ఇంకో పేరుతో పిలవలేదు. "అంకుల్, కాఫీ అయిపోయింది." "అంకుల్, మ్యాప్ మళ్ళీ తలకిందులుగా పట్టుకున్నావు." ఆ వేసవి ముగిసేసరికి పెట్రోల్ బంకులో కుర్రాళ్ళు కూడా ఆయన్ని అంకుల్ అనేవారు. ఆయనకి అది నచ్చిందనే నా అనుమానం.

వాల్టర్ మంచి బాస్ అని నేను చెప్పను. భోజనాల సంగతి మర్చిపోయేవాడు. మబ్బు కోసం మమ్మల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి మీద కూర్చోబెట్టి, తీరా అది వచ్చాక ఈ మబ్బు కాదనేవాడు. అయినా ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. దాని సంగతి, గొర్రెలు కాసే లొరెయిన్ వంటింటి కథ వచ్చినప్పుడు చెప్తాను.

నల్లసంచి

ఈ పనిలో సినిమా తీసేది రోజులో కాసేపే. మిగతా రోజంతా మోయడం, విప్పడం, కట్టడం, తుడవడం, మబ్బు కోసం చూడడం. అన్నిటికంటే నల్లసంచి గురించి మీకు ముందే చెప్పాలి. ఫిల్ముకి వెలుతురు తగిలితే పోయినట్టే. కొండ మీద చీకటి గది ఎక్కడుంటుంది? అందుకని జిప్పున్న నల్ల గుడ్డ సంచిలో కెమెరా డబ్బా, ఫిల్మూ పెట్టి, రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి దూర్చి, చూడకుండా తడుముకుంటూ ఎక్కించాలి. మధ్యలో చేతులు బయటికి తీయకూడదు. ముక్కు దురద పెట్టినా, దోమ కుట్టినా అంతే.

మా గాడిదల్లో పెద్దదాని పేరు సెనేటర్. ఎవరి మాటా వినదని డెనీస్ ఆ పేరు పెట్టింది. ఒక రోజు నేను సంచిలో చేతులు పెట్టి కూర్చున్నప్పుడు సెనేటర్ తీరుబడిగా నడుచుకుంటూ వచ్చి నా కోటు జేబులో మూతి పెట్టింది. జేబులో మమ్మీ పంపిన చేగోడీల ప్యాకెట్ ఉంది. ఊళ్ళోంచి వచ్చిన ఆంటీ ఎవరో తెస్తే, నా కోసమని దాచి పోస్టులో పంపినవి.

"డెనీస్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

సెనేటర్ ఒక్కొక్క చేగోడీ నా కళ్ళలోకి చూస్తూ కరకరా నమిలింది. అయిపోయాక రెండో జేబు కూడా వెతికింది. నేను చేతులు తీయలేదు. ఫిల్ము దక్కింది. ఆ తర్వాత ఆ వేసవంతా సెనేటర్ నన్ను వదల్లేదు. ఎటు వెళ్తే అటు వెనకాలే వచ్చింది. పనిలో విశ్వాసం గురించి నేను చెప్పగలిగింది ఇంతే.

పాట

ఇప్పుడు పిడి సంగతి. ఇది కాస్త శ్రద్ధగా వినాలి, కథంతా ఇక్కడే ఉంది.

మోటారు లేదు కాబట్టి మనం తిప్పిన వేగంలోనే ఫిల్ము కదులుతుంది. నెమ్మదిగా తిప్పితే, తర్వాత తెర మీద మనుషులు పరుగులు పెడతారు. వేగంగా తిప్పితే తేలుతున్నట్టు నడుస్తారు. అంతా తిరగేసి జరుగుతుంది. ఉన్నదున్నట్టు కనబడాలంటే చెయ్యి గడియారంలా ఒకే వేగంతో తిరగాలి. దానికి ఆ తొలినాళ్ళ కెమెరా వాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారట. లోలోపల ఏదో ఒక పాట పాడుకుంటూ ఆ తాళానికి తిప్పేవారట.

"నిద్రలో లేపినా తప్పకుండా పాడగలిగే పాట ఒకటి ఎంచుకో," అన్నాడు వాల్టర్.

ఎంచుకోవాల్సిన పనే లేదు. మా చర్చిలో కోయిర్ నడిపేది మా మమ్మీ. కాకినాడ నుంచి కాలిఫోర్నియాలోని ఈ డబ్లిన్ దాకా ఆమె ఎక్కడుంటే అక్కడ కోయిర్ ఉంది. నా ఎనిమిదో ఏట మేమీ దేశం వచ్చినప్పటినుంచీ స్తంభం చాటున, ఎవరికీ కనపడకుండా నిలబడి ఆ కోయిర్‌కి గంజీర వాయించాను. మమ్మీ చేతి సైగ తప్ప నాకు ఇంకేమీ కనపడేది కాదు. ప్రతి ఆదివారం మొదట పాడే కీర్తన ఒకటుంది. నా మణికట్టుకి నాకంటే బాగా తెలుసు. అదే పాడుకుంటూ తిప్పాను. తిప్పుడు ఎంత సాఫీగా సాగిందంటే వాల్టర్ మురిసిపోయి, "క్రూపా పుట్టుకతోనే కెమెరా మనిషి," అని డెనీస్‌తో అన్నాడు. నా పేరు కృప. దీర్ఘం ఆయనది.

లొరెయిన్ ఏ పనీ రెండోసారి చేయదు

ఆ ఏడు మేము తీస్తున్నది లొరెయిన్ అనే ఆమె గొర్రెల మంద గురించి. డెబ్బై దాటిన మనిషి. వేసవి మొదట్లో మందని పైకొండల్లోకి తోలుకెళ్ళి, చలి మొదలయ్యే ముందు కొండల మధ్య కనుమ దాటించి కిందికి తెచ్చేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా ఆమె చేస్తున్న పని అదే. ఆ శరదృతువులో మంద దిగగానే అమ్మేస్తోంది. మోకాళ్ళు మొరాయించాయి. కొడుకు టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కొనేవాడు కూడా దొరికాడు.

మమ్మల్ని రానివ్వడానికి ఆమె ఒకే ఒక్క మాట చెప్పింది. "నా మనవలు ఇదెప్పుడూ చూడలేదు. బడి ఉంటుంది. వాళ్ళకి చూపించాలి. నేనెలా నడిచానో అలాగే చూపించాలి."

ఆ తొలినాళ్ళ వాళ్ళ గురించి ఒక నిజం చెప్పుకోవాలి. వాళ్ళు చూసింది చూసినట్టు తీసిన వాళ్ళేం కాదు. గుడారంలోంచి మళ్ళీ బయటికి రా, మంట మళ్ళీ రాజెయ్యి, ఇందాకటిలాగే ఆశ్చర్యపో అని మనుషుల్ని పీడించేవారు. వాల్టర్‌కి వాళ్ళ కెమెరాతో పాటు ఆ రోగం కూడా వచ్చింది.

"లొరెయిన్, చాలా బాగుంది. ఇంకోసారి," అనేవాడు.

"ఏం, ఇందాక తలుపు తీయడం సరిగా రాలేదా?"

"వచ్చింది. ఇంకోసారి తీస్తే..."

"తలుపు తెరిచే ఉంది వాల్టర్. నేను ఏ పనీ రెండోసారి చేయను. మొదటిసారే సరిగ్గా చేస్తాను," అని కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయేది. వేసవంతా ఆయన "ఇంకోసారి" అంటూనే ఉన్నాడు, ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. డాక్యుమెంటరీ అంటే ఏమిటని నన్నడిగితే లొరెయిన్ వైపే ఉంటాను.

వంటింట్లో

మొదటి రీళ్ళు కడిగించి, స్కాన్ చేయించి తెప్పించేసరికి వేసవి సగమైంది. లొరెయిన్ మందని మేపడానికి ఒక మనిషిని పెట్టి, ఒక్క రోజుకి కిందికి దిగింది. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు వచ్చారు. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టాం. కోడలు ఆపిల్ పై అనే తీపి రొట్టె చేసింది.

తెర మీద లొరెయిన్ నడుస్తోంది. కొంచెం వేగంగా నడుస్తోంది, పర్వాలేదు. ఉన్నట్టుండి, వెనక తేనెటీగలు తరుముతున్నట్టు దూసుకుపోయింది. గొర్రెలు కూడా పేలాల్లా ఎగిరి పడ్డాయి. మళ్ళీ మామూలుగా నడిచింది. మళ్ళీ దూసుకుపోయింది. కుక్క ఒకటి తెరకి ఈ పక్క నుంచి ఆ పక్కకి కనబడకుండానే వెళ్ళిపోయింది.

మనవలు నేల మీద పడి దొర్లారు. "గ్రాండ్‌మా, మళ్ళీ! గ్రాండ్‌మా బాత్రూంకి పరిగెడుతోంది!" కొడుకు పెదవి కొరుక్కున్నాడు గానీ నవ్వు ఆగలేదు. డెనీస్ గోడ వైపు తిరిగి నిలబడింది, భుజాలు ఊగుతున్నాయి.

లొరెయిన్ నవ్వలేదు. చాలాసేపు చూసి, "ఇదేనా నేను?" అంది.

నేను ఆపిల్ పై ముక్క ప్లేట్లో పెట్టేశాను. ఎందుకంటే తెర చూస్తుంటే నా తలలో కీర్తన నడుస్తోంది. ఆమె ఎక్కడ దూసుకుపోతోందో సరిగ్గా అక్కడ చరణంలో పంక్తి ముగుస్తుంది. పంక్తి ముగిసిన ప్రతిసారీ మమ్మీ చెయ్యి పైకెత్తి ఆపుతుంది. కోయిర్ అంతా ఆఖరి అక్షరాన్ని సాగదీస్తుంది. మమ్మీ చెయ్యి దించేదాకా ఎవరూ కదలరు. వాళ్ళతో పాటు నా మణికట్టూ సాగదీసింది. పిడి నెమ్మదించిన చోటల్లా గొర్రెలు పరుగెత్తాయి.

"కంప్యూటర్లో స్లో చేయొచ్చు కదా?" అన్నాడు కొడుకు.

"అంతా ఒకే వేగమైతే చేయొచ్చు. ఇది క్షణానికో రకంగా ఉంది," అన్నాడు వాల్టర్.

నేను గొంతు సవరించుకుని పాట సంగతి చెప్పాను. అంతమంది ముందు నేను అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. అంతా విని వాల్టర్ లొరెయిన్ వైపు తిరిగి, "తప్పు నాది. పాట ఎంచుకోమన్నాను గానీ, ఏ పాటో పాడి వినిపించమని అడగలేదు," అన్నాడు.

ఇందాక చెప్తానన్నది ఇదే. బాస్ భోజనం మర్చిపోయినా పర్వాలేదు. పదిమంది నవ్విన గదిలో తప్పు నాది అనే బాస్ దగ్గర చేరండి.

లొరెయిన్ లాప్‌టాప్ మూసేసింది. "కనుమ దాటేది ఒక్కసారే. అప్పుడు కూడా ఇలాగే ఉంటుందంటే ఇప్పుడే చెప్పండి. కెమెరా తీసుకుని ఇంటికి వెళ్ళండి. పిల్లలకి నేను మాటల్లో చెప్పుకుంటాను."

సలాడ్ గిన్నె

వేరే పాటలు ప్రయత్నించాం. డెనీస్ కౌబాయ్ పాటలు నేర్పింది. వాల్టర్ సైనికుల మార్చ్ ఒకటి ఈల వేశాడు. రెండు నిమిషాలు కాగానే నా చెయ్యి తనంతట తనే కీర్తనలోకి జారిపోయేది. ఇక వేరే దారి లేక, కనుమకి ముందు వారం సెలవు పెట్టి డబ్లిన్ వెళ్ళాను. అదే కీర్తనని ఆగకుండా పాడడం నేర్చుకోవాలి.

కెమెరా కొండ మీద ఉంది. ఇంట్లో పిడి ఉన్న వస్తువు ఒక్కటే, పాలకూర కడిగి తిప్పి ఆరబెట్టే సలాడ్ గిన్నె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పుతూ పాడుకున్నాను.

"పొద్దున్నుంచీ ఆ ఆకుల్ని ఏం చేస్తున్నావమ్మా? కళ్ళు తిరుగుతాయి వాటికి," అంటూ మమ్మీ వచ్చింది. వచ్చి, కాసేపు విని, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటా పరుగు? దేవుడేమన్నా ట్రైన్ మిస్సవుతాడా? పంక్తి చివర ఆగవే?"

"ఆగకూడదు మమ్మీ. ఆగితే గొర్రెలు పరిగెడతాయి."

"ఏ గొర్రెలు?"

అంతా చెప్పాను. తన తాళం వల్ల ఒక పెద్దావిడ నవ్వులపాలైందని వినేసరికి మమ్మీ మొహం ముడుచుకుంది. "ఇన్నేళ్ళ బట్టి కోయిర్ నడుపుతున్నాను. పాస్టర్ గారే ఒక మాట అనలేదు," అంటూ పప్పుకి పోపు కాస్త గట్టిగానే వేసింది. పోపు చిటపటలు ఆగాక అటు తిరిగే అడిగింది. "నేను చెయ్యెత్తి ఎందుకు ఆపుతానో నీకు తెలుసా?"

"భక్తి కోసం."

"భక్తి కాదు, బొంద కాదు. ఊపిరి కోసం! వెనక వరసలో విమల ఆంటీకి ఆయాసం. వాళ్ళ అంకుల్‌కి బైపాస్ అయింది. ఆపకపోతే రెండో పంక్తికి ఒక్కళ్ళూ మిగలరు. నువ్వు మాత్రం? అంత ఎత్తు మీద ఊపిరి తీసుకోకుండా పాడతావా?"

నేనా సంగతి ఆలోచించలేదు. గిన్నె తిప్పడం ఆపాను.

"ఒక్కదానివీ పాడితే ఆగక తప్పదు నాన్నా," అంది మమ్మీ. "ఇంకొకళ్ళని పెట్టుకో. నువ్వు గాలి పీల్చుకునేప్పుడు వాళ్ళు పాడాలి, వాళ్ళు పీల్చుకునేప్పుడు నువ్వు. లోపల పాడుకుంటే కుదరదు. బయటికి పాడాలి, గట్టిగా. ఒకళ్ళకొకళ్ళు వినబడాలి కదా?"

కొండ మీద, అందరి ముందు, నేను గట్టిగా పాడడం! గొర్రెలు పరుగెడితేనే నయమేమో అనిపించింది.

కనుమ మీద

ఉన్న వ్యవధిలో డెనీస్‌కి తెలుగు కీర్తన నేర్పాను. ఆమె అక్షరాలను ఇంగ్లీషులో సెనేటర్ సామాను సంచీ మీద మార్కర్‌తో రాసుకుంది. వయోమింగ్ యాసలో ఆ మాటలు వింటే మా పాస్టర్ గారు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చి ఉండేవారు. తాళం మాత్రం ఉక్కులా ఉంది.

"దీని అర్థం ఏమిటి? గొర్రెల కాపరి గురించి అయి ఉంటుంది," అన్నాడు వాల్టర్ ఆశగా.

"కాదు. పొద్దున్నే లేవడం గురించి."

ఆయన కాస్త నిరాశపడ్డాడు. డెనీస్, "అయితే ఇది నీకే అంకుల్," అంది.

ఆ రోజు కనుమ మీద గాలి ఈడ్చి కొడుతోంది. కెమెరా ముక్కాలిపీట కదలకుండా దానికి రాళ్ళ సంచి వేలాడదీశాం. మంద కంటే ముందు మంద చప్పుడు వచ్చింది. మెడల్లో గంటలు, అరుపులు, కుక్కలు. అందులో నా తలలో పాట నాకే వినపడలేదు. అంచు మీద మొదటి గొర్రె తల కనిపించింది, దాని వెనక కొండ మొత్తం కదిలి వస్తున్నట్టు మంద.

"తిప్పు," అన్నాడు వాల్టర్.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. స్తంభం కోసం చూశాను. ఆ ఎత్తులో చెట్టు కూడా లేదు.

"క్రూపా!" అని అరిచింది డెనీస్. "వచ్చేవి గొర్రెలు! గొర్రెలు! ఇంటర్వ్యూ చేయడానికి రావట్లేదు! పాడు!"

పాడాను. మొదటి పంక్తి గాలి ఎత్తుకుపోయింది. రెండోది నాకు వినిపించింది. పంక్తి చివర నా ఊపిరి అయిపోగానే డెనీస్ గొంతు వచ్చి అందుకుంది, పిడి ఆగలేదు. ఆమె దగ్గర అయిపోతే నేను అందుకున్నాను. కెమెరాని మంద వెంట మెల్లగా మళ్ళిస్తూ వాల్టర్ కూడా గొణగడం మొదలుపెట్టాడు, శ్రుతి లేదు గానీ తాళం ఉంది. మధ్యలో సెనేటర్ తల ఎత్తి పెద్దగా ఓండ్ర పెట్టింది. నా చెయ్యి అప్పుడూ చలించలేదు. చేగోడీల నాడే అంతకంటే కష్టం చూశాను.

మంద మా రెండు పక్కల నుంచి ఏరులా పారింది. అన్నిటికీ వెనక లొరెయిన్ వచ్చింది, కర్రతో, ఎడమకాలు కాస్త బయటికి వేస్తూ, ఏ తొందరా లేకుండా. కెమెరా వైపు చూడొద్దని వాల్టర్ వేసవంతా బతిమాలాడు. ఆమె సరిగ్గా కెమెరా దగ్గరికి వచ్చాక మా ముగ్గుర్నీ తేరిపార చూసింది.

"మీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది, నడక ఆపకుండానే.

మేము పాట ఆపలేదు. ఆమె కనుమ దాటి కిందికి దిగిపోయింది. కిందికి చూసేటప్పటికి ఆమె టోపీ మాత్రమే కనబడింది, తర్వాత అది కూడా లేదు. వాల్టర్ "ఇంకోసారి" అనలేదు.

మళ్ళీ వంటింట్లో

రీలు వచ్చేసరికి మంచు పడింది. మందని కొన్నవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ముందుగా మమ్మీకి లింక్ పంపాను. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది: "గొర్రెలు బాగున్నాయమ్మా. చివర్లో ఆవిడ కాస్త దూకుడుగా కనబడింది. రెండో చరణంలో సాగదీసి ఉంటారు, నాకు తెలుసు." నేను మళ్ళీ చూశాను. ఆ చోట ఆమె నిజంగా రవ్వంత చురుగ్గా నడుస్తోంది. కొండ మీద మేము ఎక్కడ ఆయాసపడ్డామో ఎక్కడో డబ్లిన్‌లో కూర్చున్న మా మమ్మీకి తెలిసిపోయింది.

లొరెయిన్ వంటింట్లో ఈసారి ఆపిల్ పై లేదు. పని లేని కుక్కలు పొయ్యి దగ్గర పడుకున్నాయి. మనవలు నవ్వడానికి సిద్ధంగా ముందు వరసలో కూర్చున్నారు.

తెర మీద అంచు దాటి మొదటి గొర్రె వచ్చింది. గొర్రె గొర్రెలాగే నడిచింది. మంద ఏరులా వచ్చింది. పిల్లలు నవ్వడం మర్చిపోయారు. చివరికి లొరెయిన్ వచ్చింది, ఎడమకాలు బయటికి వేస్తూ. "అచ్చం మీరే," అంది కోడలు చిన్నగా. తెర మీది లొరెయిన్ దగ్గరికి వచ్చి, మా వైపు చూసి, శబ్దం లేకుండా ఏదో అంది.

"గ్రాండ్‌మా, ఏమన్నావు అక్కడ?" అని అడిగాడు మనవడు.

"అలాగే తీయండి, బాగుంది అన్నాను," అంది లొరెయిన్. డెనీస్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రీలు అయిపోయింది. వాల్టర్ పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లొరెయిన్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకుంది.

"ఇంకోసారి," అంది.

వాల్టర్ ఆమె వైపే చూశాడు. "రెండోసారి చేయనన్నావు?"

"నేను చేస్తున్నానా? నువ్వు వెయ్యి."

వాల్టర్ వేశాడు. ఆ మధ్యాహ్నం ఇంకా చాలాసార్లు వేశాడు.